టార్గెట్ నిచ్చెన, బీమ్ ప్రొఫైల్ మానిటర్: బీమ్ టైమ్‌కు వెళ్ళే మన పిల్లలు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఒంగోలులో ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. కనిగిరి, పొదిలి, దర్శి, ఉదయగిరి వైపు తవ్వి తెచ్చిన మట్టిని, రాతిపొడిని గుళికలు చేసి, నలుగురైదుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని యాక్సిలరేటర్లకు, అంటే ప్రోటాన్ల వంటి కణాలను వేగంగా తోసి బీమ్‌గా వదిలే యంత్రాల దగ్గరికి, వెళ్ళడం కొన్నేళ్ళుగా నా అలవాటు. ఆ మట్టిలో ఫ్లోరిన్ ఎంతుందో చూడటమే పని. అక్కడ మనకు కేటాయించే సమయమే బీమ్ టైమ్. రైలెక్కే ముందు రోజు రాత్రి దాకా ఫోన్లు వస్తూనే ఉంటాయి. కావలి పిల్లాడు అడిగిందే కందుకూరు పిల్లా అడుగుతుంది. అడగడం మంచిదే. కానీ రాత్రి రెండింటికి కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నాక అడిగితే జవాబు చెప్పే తీరిక నాకుండదు, వినే ఓపిక మీకుండదు. అందుకే ముందే రాసి పెడుతున్నాను.

ఈ రెండు పరికరాలూ అసలు ఏం చేస్తాయి?

టార్గెట్ నిచ్చెన అంటే సన్నటి అల్యూమినియం పట్టీ. దానికి నిలువునా వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి ఒక్కో శాంపిల్. మేం వాడేదానికి పన్నెండు గదులు, గదికీ గదికీ మధ్య 20 మిల్లీమీటర్లు. చాంబర్‌లో గాలి ఉండదు కాబట్టి చెయ్యి పెట్టి శాంపిల్ మార్చే వీల్లేదు. మూత తీస్తే మళ్ళీ వ్యాక్యూమ్ రావడానికి గంటలు పడుతుంది. అందుకని బయట ఒక మోటరు పెట్టి పట్టీని పైకీ కిందకీ జరుపుతారు. గట్టు మీద నిలబడి బావిలోకి బొక్కెన దించినట్టే, తాడు బదులు మరలున్న కడ్డీ ఉంటుంది.

ప్రొఫైల్ మానిటర్ పని వేరు. గొట్టంలో పోయే బీమ్ కంటికి కనపడదు. అది నడిమధ్యన ఉందా, ఒక పక్కకు ఒరిగిందా, ఎంత వెడల్పుంది, గుండ్రంగా ఉందా, కోడిగుడ్డులా సాగిందా అన్నది చెప్పేది ఇది. ఇందులోనూ మోటరే. సన్నటి తీగ బీమ్‌కు అడ్డంగా తిరుగుతూ, ఎక్కడ ఎంత తగిలిందో విద్యుత్ సంకేతంగా పంపుతుంది.

మొదటిది "ఏ శాంపిల్ మీద?" అన్న ప్రశ్నకు జవాబు. రెండోది "బీమ్ ఎక్కడ?" అన్నదానికి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తెలియకపోయినా, డిటెక్టర్ ఇచ్చిన అంకె ఎవరి ఊరి మట్టిదో ఎవరూ చెప్పలేరు.

మట్టిలో ఫ్లోరిన్ చూడటానికి యాక్సిలరేటర్ దాకా పోవాలా? కెమిస్ట్రీ ల్యాబ్ చాలదా?

నీళ్ళకైతే చాలు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ముంచితే నిమిషాల్లో తేలిపోతుంది. మట్టి, రాయి, పన్ను, ఎముక దగ్గరికి వచ్చేసరికి వాటిని ముందు యాసిడ్‌లో కరిగించాలి. కరిగించేటప్పుడు ఫ్లోరిన్ ఆవిరై పోయే ప్రమాదముంది. బీమ్‌తో అయితే కరిగించక్కర్లేదు. పొడిని గుళికగా నొక్కి ముందు పెడితే చాలు.

ఈ పని మన నేలకు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పాలా? మన దేశంలో ఫ్లోరోసిస్‌ను (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు దెబ్బతినే జబ్బు) తొలిసారి వైద్య పత్రికలో నమోదు చేసింది 1937లో. షార్ట్ అనే డాక్టరు బృందం పరిశీలించిన ఊళ్ళు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లావి. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా వేరుపడ్డాక, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. గార పళ్ళు, వంగిన నడుములు చూస్తూ పెరిగిన పిల్లలే ఇవాళ ఎమ్మెస్సీ చదువుతూ నా దగ్గరికి వస్తున్నారు. నీళ్ళలోకి ఫ్లోరైడ్ దిగేది రాతిలోని ఖనిజాల నుంచి: అపటైట్, బయోటైట్, హార్న్‌బ్లెండ్ వంటివి. ఏ రాయిలో ఎంతుందో తెలిస్తే, బోరు ఎక్కడ వేయకూడదో చెప్పడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ఏటా ఎవరో ఒకరు ఇందులో పడతారు. బీమ్ అనగానే పిక్సీ అనుకుంటారు. అంటే ప్రోటాన్లు తగిలినప్పుడు శాంపిల్ నుంచి వచ్చే ఎక్స్‌రేలను చూడటం. 1970లో స్వీడన్‌లోని లుండ్‌లో మొదలైన పద్ధతి ఇది. ఇనుము, జింకు, స్ట్రాన్షియం వంటివాటికి దివ్యంగా పనికొస్తుంది. ఫ్లోరిన్‌కు మాత్రం పనికిరాదు. ఫ్లోరిన్ ఎక్స్‌రే శక్తి 0.68 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, కిరణాల శక్తికి కొలత) మాత్రమే. అది శాంపిల్ లోపలే, డిటెక్టర్ కిటికీలోనే చచ్చిపోతుంది. ఫ్లోరిన్ కావాలంటే కేంద్రకం నుంచి వచ్చే గామా కిరణాలను చూడాలి, దాన్ని పిఐజీఈ అంటారు. స్పెక్ట్రమ్‌లో, అంటే శక్తుల వారీగా గీసిన గ్రాఫ్‌లో, 110, 197 కేఈవీ దగ్గర రెండు సన్నటి పీకులు (శిఖరాలు), ఎక్కడో పైన 6 నుంచి 7 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే వెయ్యి కేఈవీలు) మధ్య మరో గుంపు. అవి కనపడితే ఫ్లోరిన్ ఉన్నట్టే.

బోరు నీళ్ళు సీసాలో పట్టుకు రావచ్చా?

వద్దు. వ్యాక్యూమ్‌లో నీళ్ళు మరిగిపోతాయి, పంపు పాడవుతుంది. నీళ్ళను జిల్లాలోనే పరీక్ష చేయించండి.

ఏ యాక్సిలరేటర్‌కు రాసుకోవాలి?

ప్రోటాన్లతో ఈ పని చేయడానికి చిన్న యంత్రం సరిపోతుంది. భువనేశ్వర్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌లో 3 మెగావోల్టుల పెలెట్రాన్ అనే యాక్సిలరేటర్ ఉంది. హైదరాబాదులో బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వారి పదార్థ విశ్లేషణ కేంద్రంలో 3 మెగావోల్టుల టాండెట్రాన్ ఉంది. ముంబయి బార్క్‌లో ఫోటియా ఉంది, అది 6 మెగావోల్టులది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌ది ఇంకా పెద్ద యంత్రం, బరువైన అయాన్లతో పనున్నవాళ్ళకు. ఎక్కడికైనా ముందు ప్రతిపాదన పంపాలి. ఎన్ని శాంపిళ్ళు, ఏ మూలకం, ఎంత కరెంటు కావాలో లెక్కగా రాస్తేనే బీమ్ టైమ్ ఇస్తారు. "కొన్ని మట్టి నమూనాలు" అని రాసి పంపితే పక్కన పెట్టేస్తారు.

స్కోప్ (సంకేతాన్ని గీతగా చూపే తెర) మీద రెండు గుట్టలు కనిపిస్తున్నాయి. రెండు బీములు వస్తున్నాయా?

అందరికీ మొదట వచ్చే అనుమానమే ఇది. కాదు, ఒకే బీమ్‌ను రెండు వైపుల నుంచి చూస్తున్నారు.

పెలెట్రాన్ లైన్లలో ఎక్కువగా ఉండే ప్రొఫైల్ మానిటర్‌లో ఉండేది ఒక్కటే తీగ. అది నిటారుగా ఉండదు, స్ప్రింగు ముక్కను సాగదీసినట్టు మెలి తిరిగి ఉంటుంది. మోటరు దాన్ని గుండ్రంగా తిప్పుతుంది. మెలి ఉండటం వల్ల ఒక చుట్టులో అది బీమ్ మీదుగా రెండుసార్లు పోతుంది: ఒకసారి ఎడమ నుంచి కుడికి, ఇంకోసారి పై నుంచి కిందికి. అందుకే స్కోప్ మీద మొదటి గుట్ట అడ్డం కొలత, రెండోది నిలువు కొలత. బీమ్ తీగకు తగిలినప్పుడు దాని నుంచి ఎలక్ట్రాన్లు ఎగిరి చుట్టూ ఉన్న గొట్టం మీద పడతాయి. మనం చూసే సంకేతం ఆ ఎలక్ట్రాన్లదే.

పక్కనే సన్నగా గుర్తు గీతలు కూడా వస్తాయి. అవి గొట్టం నడిమధ్య ఎక్కడో చూపిస్తాయి. ముందు చూడాల్సింది వాటినే. గుట్ట ఎత్తు చూసి మురిసిపోవద్దు. గుట్ట శిఖరం గుర్తు గీత మీద కూర్చుందా లేదా చూడండి. కూర్చోకపోతే బీమ్‌ను పక్కకు జరిపే స్టీరర్ కొద్దిగా తిప్పండి, ఒక్కసారిగా కాదు. మేస్త్రి గోడ కట్టేటప్పుడు తూకం గుండు వదిలి, అది ఊగడం ఆగేదాకా ఆగి చూస్తాడే, అంత నిదానం కావాలి.

గుట్ట ఆకారం కూడా మాట్లాడుతుంది. రెండు వైపులా నున్నగా దిగితే బాగుంది. ఒక వైపు నిట్టనిలువుగా కోసినట్టుంటే ముందున్న స్లిట్ (బీమ్ పోయే సన్నటి సందు) ఒక అంచును కత్తిరిస్తోంది. అడ్డం గుట్ట వెడల్పుగా, నిలువు గుట్ట సూదిలా ఉంటే బీమ్‌ను కూడగట్టే లెన్స్, క్వాడ్రుపోల్, సరిగా లేదు. ఒక వైపు బిగిస్తే ఇంకో వైపు వదులవడం దాని గుణం, రెండూ కలిపి సర్దాలి. గుట్టలు నిలకడగా లేకుండా ఎగిరెగిరి పడుతుంటే అది మీ చేతిలో పని కాదు, ఆపరేటర్‌ను పిలవండి.

వైర్ స్కానర్ అంటే ఇదేనా?

పని ఒకటే, కదలిక వేరు. వైర్ స్కానర్‌లో ఒక చట్రానికి తీగలు బిగించి, మోటరుతో ఆ చట్రాన్ని బీమ్ గుండా తోస్తారు. అమెరికాలోని జెఫర్సన్ ల్యాబ్‌లో దీన్ని హార్ప్ అంటారు, తీగల వాద్యం కదా. చాలాచోట్ల చట్రం 45 డిగ్రీల వాలుగా కదులుతుంది. అలా అయితే ఒకే కదలికలో నిలువు తీగ, అడ్డ తీగ రెండూ బీమ్‌ను దాటిపోతాయి.

వాలు ఉందని మరిచిపోతే లెక్క తప్పుతుంది. మోటరు 10 మిల్లీమీటర్లు కదిలితే తీగ బీమ్‌కు అడ్డంగా కదిలింది 7 మిల్లీమీటర్లే. 0.707తో గుణించకుండా గ్రాఫ్ గీస్తే బీమ్ ఉన్నదానికంటే నలభై శాతం లావుగా కనిపిస్తుంది. ఒక విద్యార్థిని ప్రాజెక్టు రిపోర్టులో ఇదే జరిగింది. బీమ్ తను దూరి వచ్చే కొలిమేటర్ రంధ్రం కంటే పెద్దదిగా వచ్చింది. "మేడమ్, రంధ్రం కంటే పెద్ద బీమ్ ఎలా దూరింది?" అని తనే అడిగింది. ఆ ప్రశ్న పుట్టడమే నాకు సంతోషం, తప్పు తనే పట్టుకుంది.

సంకేతం ఎంత చిన్నదో కూడా ఊహలో ఉండాలి. 2 మిల్లీమీటర్ల బీమ్‌లో 25 మైక్రాన్ల తీగ పెడితే దానికి తగిలేది సుమారు నూటికి ఒక వంతు. బీమ్ 10 నానో ఆంపియర్లయితే తీగ మీద పడేది 0.1 నానో ఆంపియర్. కేబుల్ కదిలినా, పక్కన ఎవరో మొబైల్ ఛార్జర్ పెట్టినా ఆ కొలతలో గోల కనిపిస్తుంది. పెద్ద యంత్రాలలో తిప్పలు ఇందుకు పూర్తిగా తలకిందులు: అక్కడ బీమ్ తీగను కాల్చేస్తుంది. అందుకే యూరప్‌లోని సెర్న్ పరిశోధనశాలలో కొత్త స్కానర్లు తీగను సెకనుకు 20 మీటర్ల వేగంతో బీమ్ గుండా విసురుతాయి. మన పనికి ఆ తొందర లేదు.

ప్రొఫైల్ చక్కగా ఉంటే బీమ్ శాంపిల్ మీదే పడుతున్నట్టేనా?

కానే కాదు. నేను మరీ మరీ చెప్పేది ఈ ఒక్క మాట.

మానిటర్ ఉన్నచోట బీమ్ ఎలా ఉందో మానిటర్ చెబుతుంది. అక్కడి నుంచి శాంపిల్ దాకా ఇంకా దూరం ఉంది. మా లైన్లో ఒకటిన్నర మీటరు. బీమ్ మానిటర్ మధ్య నుంచే పోతూ 2 మిల్లీ రేడియన్లు, అంటే మీటరుకు 2 మిల్లీమీటర్లు, వాలి ఉంటే, శాంపిల్ దగ్గరకు వచ్చేసరికి 3 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. గుళిక అంచు దాటి పట్టీ మీద పడటానికి అది చాలు.

అందుకని నిచ్చెనలో మొదటి గదిని ఖాళీగా వదులుతాం, రెండో గదిలో క్వార్ట్జ్ ముక్క పెడతాం. బీమ్ కరెంటును కొలిచే లోహపు గిన్నె, ఫారడే కప్, దించి బీమ్‌ను ఆపి, క్వార్ట్జ్‌ను ఎదురుగా తెచ్చి, కరెంటు ఒకటి రెండు నానో ఆంపియర్లకు తగ్గించి, అప్పుడు కప్ తీస్తాం. చాంబర్ కెమెరాలో క్వార్ట్జ్ మీద లేత నీలి వెలుగు చుక్కగా కనిపిస్తుంది. మొదటిసారి చూసినవాళ్ళెవరూ ఆ చుక్కను మరిచిపోరు. గొట్టంలో ఉందని అంతసేపూ నమ్మడమే తప్ప చూడని బీమ్ అదే. తెర మీద మార్కర్ పెన్నుతో దాని చుట్టూ గీసుకోండి. తర్వాత ఖాళీ గదికి పోయి, బీమ్ అడ్డు లేకుండా చివరి కప్‌లో పడుతోందా, పట్టీ మీద కరెంటు దాదాపు సున్నా ఉందా చూడండి. పట్టీ మీద కరెంటు వస్తోందంటే బీమ్ తోక ఎక్కడో దాన్ని రాసుకుంటోంది.

ఇంకో ఆనవాలుంది, ఇది కొలిచే స్పెక్ట్రమ్‌లోనే దొరుకుతుంది. మూడో గదిలో ఉత్త గ్రాఫైట్ గుళిక పెడతాం. గ్రాఫైట్‌లో అల్యూమినియం ఉండదు. అయినా గామా స్పెక్ట్రమ్‌లో 844, 1014 కేఈవీల దగ్గర పీకులు లేచాయంటే అవి పట్టీవి. ఒక రాత్రి స్కోప్ మీద గుట్టలు బొమ్మ గీసినట్టున్నాయి, అందరూ టీకి లేవబోతున్నారు. ఒకమ్మాయి మాత్రం తెర వదలకుండా, "మేడమ్, ఖాళీ గ్రాఫైట్‌లో అల్యూమినియం వస్తోంది" అంది. చూస్తే బీమ్ సగం పట్టీ మీద. ఆ అమ్మాయి చూడకపోతే ఆ రాత్రి కొలిచిన ఏడు ఊళ్ళ మట్టీ సగం కొలతగానే మిగిలేది. మట్టిలో అల్యూమినియం ఎలాగూ ఉంటుంది కాబట్టి, శాంపిళ్ళలో ఆ తప్పు ఎవరికీ పట్టుబడేది కాదు.

బీమ్ ఉండగా నిచ్చెనను కదపవచ్చా?

కదపకండి. ముందు కప్ దించి బీమ్ ఆపాలి, తర్వాత కదపాలి, మోటరు ఆగిందని చూసుకుని మళ్ళీ కప్ తీయాలి. కదిలేటప్పుడు బీమ్ పట్టీ మీదుగా, మరల మీదుగా, పక్క గుళికల మీదుగా గీసుకుంటూ పోతుంది. కరెంటు తక్కువైతే అప్పటికి నష్టమేమీ కనపడదు, కానీ పక్క శాంపిల్ లెక్కలో ఆ కొద్దిపాటి ఛార్జీ కూడా కలుస్తుంది. పైగా, అలవాటు ఒకసారి చెడితే కరెంటు ఎక్కువున్న రోజున కూడా చెయ్యి అదే పని చేస్తుంది.

మోటరు స్థానం కంప్యూటర్‌లో చూపిస్తోంది కదా, దాన్ని నమ్మవచ్చా?

స్టెప్పర్ మోటరుకు తను ఎక్కడుందో తెలియదు. ఎన్ని అడుగులు వేయమన్నామో కంట్రోలర్ లెక్కపెడుతుంది, అంతే. మా మోటరుకు ఒక చుట్టుకు 200 అడుగులు. కడ్డీ ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు జరుగుతుంది. అంటే అడుగుకు 10 మైక్రాన్లు, గదికి 2000 అడుగులు. లెక్క ముచ్చటగా ఉంది. కానీ మోటరు ఒక అడుగు వేయలేక తడబడితే కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియదు.

తడబడటానికి కారణం వ్యాక్యూమే. కడ్డీ లోపలికి పోయేచోట మడతలున్న లోహపు తొడుగు ఉంటుంది, దాన్ని బెల్లోస్ అంటారు. బయటి గాలి దాన్ని చదరపు సెంటీమీటరుకు ఒక కిలో చొప్పున లోపలికి నెడుతుంది. ఐదు సెంటీమీటర్ల బెల్లోస్ అయితే మొత్తం 20 కిలోలు. మోటరు నిచ్చెనను బయటికి లాగిన ప్రతిసారీ ఆ 20 కిలోలను మోస్తోంది. చాంబర్‌లో గాలి ఉండగా నిచ్చెన చక్కగా కదిలింది కదా అని ధీమాగా ఉండవద్దు. అసలు పరీక్ష వ్యాక్యూమ్ వచ్చాకే.

నాకు జరిగింది చెబుతాను. నేను స్కాలర్‌గా ఉన్న రోజుల్లో, ఒక ల్యాబ్‌లో, అర్ధరాత్రి కరెంటు పోయి వచ్చింది. కంట్రోలర్ తిరిగి వెలిగింది, తెర మీద "గది 5" అనే ఉంది. పని సాగించాను. మోటరు పట్టు వదిలిన ఆ కాసేపట్లో గాలి నిచ్చెనను లోపలికి లాక్కుందని నాకు తట్టలేదు. తెల్లవారుజామున చివరి గదికి వచ్చాను. అక్కడ కాల్షియం ఫ్లోరైడ్ కలిపిన స్టాండర్డ్ గుళిక (ఫ్లోరిన్ ఎంతుందో ముందే తెలిసినది) ఉండాలి, దాంట్లో ఫ్లోరిన్ పీకు కొండలా లేవాలి. ఏమీ లేదు, మామూలు మట్టిలా ఉంది. వెనక్కి తిరిగి చూసుకుంటే అన్నీ ఒక్క గది జరిగి ఉన్నాయి. కనిగిరి అని రాసుకున్నది పొదిలిది, పొదిలి అని రాసుకున్నది దర్శిది. చివరన స్టాండర్డ్ పెట్టబట్టి తెలిసింది. లేకపోతే ఒక ఊరి ఫ్లోరిన్‌ను ఇంకో ఊరి పేరున అచ్చు వేయించేదాన్ని. అప్పటి నుంచి నా నిచ్చెనలో స్టాండర్డ్ రెండుచోట్ల ఉంటుంది, నాలుగో గదిలోనూ, పన్నెండో గదిలోనూ. కరెంటు కన్ను మూసి తెరిచినంత సేపు పోయినా సరే, ముందు మొదలుచోటును గుర్తించే హోమ్ స్విచ్ దాకా నిచ్చెనను తీసుకెళ్ళి లెక్కను సున్నా నుంచి మొదలుపెడతాను.

ఇంకొకటి. మరలో కొద్దిగా వదులు ఉంటుంది. పై నుంచి దిగి ఆగిన చోటు, కింద నుంచి ఎక్కి ఆగిన చోటు ఒకటి కావు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి చేరండి. వెనక్కి పోవాల్సి వస్తే కొంచెం దాటి పోయి, మళ్ళీ ఆ వైపు నుంచే రండి.

నిచ్చెన హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్ తగిలి మోటరు ఆగిపోయింది. ఇప్పుడు?

ఏ చివర తగిలిందో కెమెరాలో చూసి, ఎదురు దిశలో నెమ్మదిగా వెనక్కి రప్పించి, మళ్ళీ హోమ్ చేయండి. స్విచ్‌ను పక్కన పెట్టి నడిపే ఏర్పాటు కొన్ని కంట్రోలర్లలో ఉంటుంది. దాన్ని మీరు తాకవద్దు. బెల్లోస్ చిరిగితే వ్యాక్యూమ్ మొత్తం పోతుంది, మీ వెనక వచ్చే వాళ్ళ బీమ్ టైమ్ కూడా పోతుంది.

గుళికలు ఎలా చేసుకు రావాలి? మా ఊరి అభ్రకం రేకు అలాగే పెట్టవచ్చా?

మట్టిని ఆరబెట్టి, అగేట్ కల్వంలో మెత్తగా నూరి, అంతే బరువు గ్రాఫైట్ పొడి కలిపి, హైడ్రాలిక్ ప్రెస్‌లో బిళ్ళగా నొక్కండి. వేలితో రుద్దితే పొడి రాలకూడదు. రాలితే అది వ్యాక్యూమ్ తెచ్చే టర్బో పంపులోకి పోతుంది.

గ్రాఫైట్ ఎందుకంటే, మట్టి విద్యుత్తును పోనివ్వదు. ప్రోటాన్లు తెచ్చిన ఛార్జీ గుళిక మీద పేరుకుని, కిలోవోల్టుల దాకా పెరిగి, ఒక్కసారిగా మెరుస్తుంది. ఒకసారి సైదాపురం నుంచి వచ్చిన విద్యార్థి నిగనిగలాడే అభ్రకం రేకు తెచ్చాడు, చూడటానికి అద్దంలా ఉంది. పొడి చేయడానికి మనసు రాలేదని అలాగే పెట్టాడు. బీమ్ వదలగానే కరెంటు మీటరు ముల్లు పిచ్చెత్తినట్టు ఊగింది. కెమెరాలో రేకు అంచున చిటుకు చిటుకుమని నీలి మెరుపులు. ఎక్స్‌రే స్పెక్ట్రమ్ కింద భాగమంతా ఉబ్బిపోయి పీకులు మునిగిపోయాయి. అభ్రకం ఎంత మంచి ఇన్సులేటరో పుస్తకంలో చదివినవాళ్ళమే అందరం, ఆ రోజు కంటితో చూశాం. రేడియేషన్‌ను లెక్కపెట్టే జీఎం కౌంటర్ కిటికీకి వాడే ఖనిజం బీమ్ ముందు మాత్రం పొడిగానే రావాలి.

రసాయన శాస్త్రం వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. రాతిని లిథియం బోరేట్‌తో కరిగించి చేసిన బిళ్ళలు తేవద్దు. ప్రోటాన్ శక్తి 1.88 ఎంఈవీ దాటితే లిథియం నుంచి న్యూట్రాన్లు వస్తాయి. శాంపిల్‌లో లిథియం ఉండే అవకాశముంటే ఫారంలో ముందే రాయండి.

కరెంటు ఎంత పెట్టాలి?

పది నానో ఆంపియర్ల దగ్గర మొదలుపెట్టండి. 3 ఎంఈవీ ప్రోటాన్లు 10 నానో ఆంపియర్లంటే వేడి 30 మిల్లీవాట్లు. ఒక మైక్రో ఆంపియర్‌కు పెంచితే 3 వాట్లు. తక్కువే అనిపిస్తుంది. కానీ అది రెండు మిల్లీమీటర్ల చుక్కలో, తల వెంట్రుక మందమంత లోతులో దిగుతుంది, చల్లార్చడానికి గాలి లేదు. గుళిక మీద గోధుమరంగు మచ్చ పడి, పెళుసెక్కి పగులుతుంది.

ఛార్జీ లెక్కకు కరెంటును కాలంతో గుణించాలి: 10 నానో ఆంపియర్లు 1000 సెకన్లకు 10 మైక్రో కూలంబులు. గుళిక నుంచి ఎగిరిపోయే ఎలక్ట్రాన్ల వల్ల కరెంటు ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. వాటిని వెనక్కి తోసే సప్రెసర్ వోల్టేజీ పెట్టారో లేదో చూసుకోండి. స్విచ్ వేయడం మరిచిపోయిన రోజులున్నాయి.

రేడియేషన్ ఉంటుందంటగా? ఇంట్లో భయపడుతున్నారు.

అమ్మానాన్నలు అడిగితే నేనే ఫోన్‌లో మాట్లాడతాను, మొహమాటపడకండి. బీమ్ ఉన్నంతసేపూ హాల్లో గామా కిరణాలుంటాయి, అందుకే ఆ హాల్లో ఎవరూ ఉండరు. తలుపు తెరిస్తే ఇంటర్‌లాక్ బీమ్‌ను కోసేస్తుంది. మూసేముందు ఒకరు హాలంతా తిరిగి చూసి రావాలి. ఈ నియమాలన్నీ అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణలో నడుస్తాయి. మీ పేరు మీద ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి ఇస్తారు, దాన్ని ఛాతీ దగ్గర పెట్టుకోండి. పక్కవాళ్ళది తీసుకోవద్దు, మీది హాస్టల్ గదిలో వదిలి రావద్దు.

బీమ్ ఆపగానే దాదాపు అంతా ఆగిపోతుంది. గ్రాఫైట్‌లో కాసింత నైట్రోజన్-13 పుడుతుంది, అది పది నిమిషాలకు సగమవుతుంది. అందుకే బీమ్ ఆపాక కొంతసేపు ఆగి, మీటరు పట్టుకున్న మనిషి ముందు పోయాకే చాంబర్ తెరుస్తాం.

లాగ్‌బుక్‌లో ఏం రాయాలి?

కదిపిన ప్రతిసారీ గది సంఖ్య, మోటరు అడుగుల లెక్క, శాంపిల్ పేరు, టైము, కరెంటు. ప్రొఫైల్ చూసిన ప్రతిసారీ రెండు గుట్టల శిఖరాలు ఎక్కడున్నాయో, సగం ఎత్తు దగ్గర వెడల్పెంతో. రెండు గంటలకోసారి ప్రొఫైల్ చూడాలి, ఫోకస్ ఏ మాత్రం మార్చినా చూడాలి. ఊరి పేరు పూర్తిగా రాయండి. "క-1, క-2" అంటే కనిగిరో, కందుకూరో, కావలో మర్నాటికి మీకే తెలియదు.

ఫలితం ఊళ్ళోవాళ్ళకు ఎప్పుడు చెప్పవచ్చు?

రెండు స్టాండర్డులూ ఒకే అంకె ఇచ్చాక, ఖాళీ గ్రాఫైట్‌లో ఫ్లోరిన్, అల్యూమినియం లేవని తేలాక, గది సంఖ్యలు లాగ్‌బుక్‌తో సరిపోయాక. అప్పుడు కూడా అది మట్టి లెక్క, నీటి లెక్క కాదు. మట్టిలో కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని చెబితే, వినేవాళ్ళు దాన్ని తాగే నీళ్ళకు అన్వయించుకుని హడలిపోతారు. నీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా. ఆ అంకె నీటిని పరీక్షించాకే చెప్పాలి.

పోయినసారి శాంపిల్ తవ్వుకోనిచ్చిన పెద్దాయన, "మా బోరు తాగొచ్చా లేదా, అది చెప్పమ్మా చాలు" అన్నాడు. మా గుళికలు ఇంకా ప్రెస్‌లోనే ఉన్నాయి. ఆయన బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టించి, మూత మీద పేరు, తేదీ రాసి, తిరుగు బస్సులోనే ఒంగోలు తెచ్చి నీటి పరీక్షకు ఇచ్చాం.